పిలిస్తే పలకాలి

మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చానంటే నా చెవులు ఊరుకోవు. ఎవరో పిలుస్తారని ఎదురుచూస్తుంటాయి. గుడివాడలో నేను కాపలా ఉంటున్న ఈ రైసు మిల్లులో నన్ను పిలిచేవాళ్ళు లేక కాదు. "వాచ్‌మేన్, గేటు తియ్యి" అంటారు. "వాచ్‌మేన్, ఆ లారీ ఎవడిది" అంటారు. అవీ ఒక పిలుపులేనా? నేననేది వేరే పిలుపు. నువ్వు ఉన్నావా లేవా అని తెలుసుకోవడానికి తప్ప ఇంకే పనీ లేకుండా ఒక మనిషి ఇంకో మనిషిని పిలవడం. దాని కోసం మొహం వాచిపోయి ఉన్నాను, అబద్ధమెందుకు.

అది నాకు అలవాటైంది బందరులో. తొంభైలలో, రేవుకి వెళ్ళే దారిలో ఒక ఐసు ఫ్యాక్టరీలో పనిచేశాను. వేటకి వెళ్ళే పడవలకీ, రొయ్యల చెరువులకు తిరిగే లారీలకీ మా దగ్గర్నించే ఐసు వెళ్ళేది. ఐసు ఫ్యాక్టరీ అనగానే హాయిగా ఉంటుందనుకుంటారు జనం. మా మొవ్వలో చుట్టాలు "నీకేంరా, రోహిణి కార్తెలో కూడా దుప్పటి కప్పుకుంటావు" అని ఏడిపించేవారు. వచ్చి ఒక్క పూట నిలబడితే తెలిసేది వాళ్ళకి.

లోపల హాలంతా ఒకటే పెద్ద తొట్టి. దాని నిండా ఉప్పునీళ్ళు. ఆ ఉప్పునీళ్ళలో, మంచినీళ్ళు నింపిన పొడుగాటి ఇనుప డబ్బాలు దించి ఉంటాయి. తొట్టి మీద చెక్క మూతలు పరిచి ఉంటాయి, మేం నడిచేది వాటి మీదే. ఐసు గడ్డ కట్టాక మూత తీసి, గొలుసు వేసి డబ్బాలు పైకి లేపాలి. మూత తీసిన చోట మనిషి పట్టేంత సందు. చెక్కలేమో ఎప్పుడూ తడే. గోడల వెంట అమ్మోనియా గ్యాసు పైపులు. ఆ గ్యాసు కొంచెం బయటికొచ్చినా చాలు, పొయ్యిలో ఎండుమిరపకాయలు పడ్డట్టు కళ్ళూ ముక్కూ గొంతూ ఒక్కసారే మండిపోతాయి. కంప్రెసర్ మోతలో పక్కవాడు పడిపోయినా తెలియదు.

మాలో ఎవరికీ పేర్లు లేవు. ఊళ్ళే పేర్లు. కంప్రెసర్ చూసే పెద్దాయన అంతకుముందు చెరుకు ఫ్యాక్టరీలో చేసి వచ్చాడు కాబట్టి ఆయన ఉయ్యూరు. నాతోపాటు డబ్బాలు లేపేవాడు గూడూరు. వయసులో నాకన్నా కాస్త పెద్ద, బావా అని పిలిచేవాణ్ణి. నేను మొవ్వ. మా అందరి మీదా మేస్త్రి ఒకాయన, దివిసీమలో కోడూరు దిగువ నుంచి వచ్చినవాడు. దివి బాబాయ్ అనేవాళ్ళం. సన్నగా పొడుగ్గా ఉండేవాడు. మాటకు ముందు తిట్టు వచ్చేది. ఆ తిట్టు లేని రోజున ఒంట్లో బాగోలేదేమోనని మేమే కంగారుపడేవాళ్ళం.

ఆయనకొక అలవాటు. డబ్బాలు ఒక వరస లేపడం కాగానే చెయ్యెత్తి పని ఆపించి, కంప్రెసర్ మోత మీంచి వినపడేలా అరిచేవాడు.

"ఉయ్యూరూ!"

"ఆఁ!"

"గూడూరూ!"

"ఆఁ!"

"మొవ్వా!"

"ఆఁ!"

అందరిలోకీ చిన్నవాణ్ణి కాబట్టి ఆఖరున నేను "దివి బాబాయ్!" అని పిలవాలి. ఆయన కూడా "ఆఁ!" అనాలి. అప్పుడుగానీ రెండో వరస మొదలయ్యేది కాదు. ఎన్ని లారీలు వచ్చి నిలబడినా సరే, ఓనరు గారు వచ్చి గుమ్మంలో గునిసినా సరే.

చేరిన కొత్తలో నాకిది నవ్వొచ్చింది. "ఇదేం బడా బాబాయ్, హాజరు పిలవడానికి?" అన్నాను. ఆయన తిట్టలేదు. బీడీ ఆర్పేసి, "ఇంతకుముందు చేసినచోట మావాడొకడు మూత తీసిన సందులో పడ్డాడ్రా. పనైపోయి ఇళ్ళకెళ్ళబోతుంటే తెలిసింది. అప్పటిదాకా ఎవడూ పిలవలా" అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. నేనూ మళ్ళీ నవ్వలేదు.

ఇంకో రెండు కట్టుబాట్లు ఉండేవి. బయటికి వెళ్ళేవాడు గుమ్మం పక్కన తన మేకుకి తన తువ్వాలు తగిలించి వెళ్ళాలి. తువ్వాలు మేకుకి ఉందంటే వాడు బయటున్నాడు, వాడి కోసం లోపల వెతకనక్కర్లేదని గుర్తు. రెండోది, ఒకడి బదులు ఇంకొకడు పలకకూడదు. చచ్చినా పలకకూడదు.

అలా ఉండగా మా అమ్మకి పక్షవాతం వచ్చింది.

అమ్మ మొవ్వలో నాట్లకు వెళ్ళే ముఠాకి పెద్ద. ఆవిడ గొంతెత్తిందంటే కాలవ అవతలి గట్టు మీదున్నవాళ్ళు తలతిప్పి చూసేవారు. నా చిన్నప్పుడు నేనెక్కడ ఆడుకుంటున్నా ఆ కేక వచ్చి చెవి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చేది. ఆ గొంతు పోయింది. కుడిచెయ్యీ కుడికాలూ పోయాయి. నోరు ఓ పక్కకి వంగి, ఏదో చెప్పబోయి చెప్పలేక, కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. నాన్న ఎప్పుడో పోయాడు. నేనొక్కణ్ణే కొడుకుని. తీసుకొచ్చి బందరులో నా గదిలో పెట్టుకున్నాను. ఆ గది ఫ్యాక్టరీ వెనక గోడని ఆనుకుని ఉన్న వరసలో ఉండేది.

కొడుకు తల్లికి చాకిరీ చేస్తుంటే జనం ఎదురుగా "ఎంత పుణ్యం చేసుకుందో తల్లి" అంటారు. అటు తిరిగి "పెళ్ళి చేసుకోవచ్చుగా, ఆడది చేసుకుంటుంది" అంటారు. ఒళ్ళు మండేది నాకు. మా అమ్మ గుడ్డలు ఉతకడానికి ఇంకొకళ్ళమ్మాయిని తెచ్చుకోవాలా? అన్నీ నేనే చేసేవాణ్ణి, ఒక్క స్నానం తప్ప. పక్క గదిలో ఉండే పిన్ని, సముద్రం మీద బతికేవాళ్ళ మనిషి, తెల్లారి చేపల తట్ట నెత్తిన పెట్టుకునే ముందు వచ్చి అమ్మకి నీళ్ళు పోసి వెళ్ళేది. "నువ్వు బయటికి నడువు, ఇది ఆడాళ్ళ యవ్వారం" అని నన్ను తరిమేది. ఆవిడ చేతి నీచు వాసన అమ్మ జుట్టుకి అంటుకునేది. అమ్మ ఏనాడూ విసుక్కోలేదు.

సమస్యల్లా మధ్యాహ్నమే. పిన్ని బజారులో ఉండేది. నేను పనిలో ఉండేవాణ్ణి. గోడకి ఇవతల నేను డబ్బా లేపుతున్నా, మనసంతా గోడ అవతల మంచం మీదే. దాహమేసిందేమో, మంచం మీంచి జారిందేమో, నన్ను పిలవాలని చూస్తోందేమో. ఆ ఆలోచనలో ఒకసారి గొలుసు సరిగ్గా తగిలించలేదు. డబ్బా జారి నా కాలి పక్కనే పడింది. గూడూరు బావ చూశాడు.

మర్నాడు మధ్యాహ్నం ఒక్క గంతులో వెళ్ళి అమ్మకి నాలుగు ముద్దలు పెట్టి వద్దామని, ఎవరికీ చెప్పకుండా వెనక తలుపులోంచి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి గుమ్మంలో దివి బాబాయ్ నిలబడి ఉన్నాడు. పక్కన గూడూరు బావ తల వంచుకుని ఉన్నాడు.

"ఎక్కడికెళ్ళావురా?"

"అమ్మకి అన్నం పెట్టడానికి, బాబాయ్."

"తువ్వాలేదీ?"

అది నా భుజం మీదే ఉంది. మేకు ఖాళీ.

"ఇందాక నేను మొవ్వా అంటే లోపల్నుంచి ఆఁ అని వినపడింది. ఎవడు వాడు?"

గూడూరు బావ గొంతు సవరించుకున్నాడు. "నేనే బాబాయ్. వీడు నన్నడగలా. వీడు లేడని తెలిస్తే కేకలేస్తావని నేనే పలికా."

"ఓరి నీ దుంపతెగ! కేకలేస్తే చెవులు పోతాయా? వీడు నిజంగా ఆ సందులో పడుంటే? నువ్వు వీడి బదులు ఆఁ అంటే, నేను పైనున్నాడనుకుని మూత వేయించేవాణ్ణి గదరా!"

బావ మొహం తెల్లబోయింది. మంచికి పోయి ఏం చేశాడో అప్పుడు తెలిసింది వాడికి. నా ఉద్యోగం ఆ పూటతో సరి అనుకున్నాను. ఉద్యోగం పోతే అమ్మ మందులకి ఎవరి గుమ్మం తొక్కాలో కూడా అప్పుడే ఆలోచించేశాను. దివి బాబాయ్ తన తువ్వాలు తీసి తన మేకుకి తగిలించాడు. "పద, మీ అమ్మని చూద్దాం" అన్నాడు.

గదిలోకి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. అటూ ఇటూ చూశాడు. మంచం పక్కనే కిటికీ, దానికి ఇనుప చువ్వలు. కిటికీలోంచి చూస్తే ఫ్యాక్టరీ వెనక తలుపు కనపడుతుంది. లేచి వెళ్ళి ఒక పాత పానా తెచ్చాడు, బోల్టులు బిగించేది. దానికి తాడు కట్టి, రెండో కొస మంచం పట్టెకి ముడేశాడు, చేజారినా కింద పడకుండా. అమ్మ ఎడమచేతిలో పెట్టాడు.

"అమ్మా, నేను ఆ గోడవతల మేస్త్రిని. మీవాణ్ణి పిలిచినట్టే నిన్ను కూడా పిలుస్తా. పిలిస్తే పలకాలి. నోరు లేకపోతే పోయింది, చెయ్యుందిగా. ఏదీ, అమ్మా!"

అమ్మ ఆయన్ని చూసింది, నన్ను చూసింది. పానా ఎత్తి చువ్వ మీద కొట్టింది. టంగుమంది. ఆ మోతకి తనే ఉలిక్కిపడింది. పక్షవాతం వచ్చాక మా అమ్మ నవ్వడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

ఆ సాయంత్రమే ఫ్యాక్టరీ గుమ్మం పక్కన అమ్మకి కూడా ఒక మేకు కొట్టాడు. ఎప్పుడైనా పిన్ని, నేనూ కలిసి అమ్మని రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్తే, అమ్మ ఆకుపచ్చంచు తువ్వాలు ఆ మేకుకి తగిలించి వెళ్ళాలి. మధ్యాహ్నం పూట నేను తువ్వాలు తగిలించి ఇంటికి వెళ్ళేవాణ్ణి, నా వరస డబ్బాలు గూడూరు బావ లేపేవాడు. "పని నీ బదులు ఎవడైనా చేస్తాడ్రా. పలకడం మాత్రం నీదే" అన్నాడు దివి బాబాయ్. ఓనరు గారికి ఈ ఏర్పాటు తెలిసిందో లేదో నాకు తెలియదు. తెలిసినా దివి బాబాయ్‌ని ఎదిరించి మాట్లాడేంత ధైర్యం ఓనరు గారికి లేదు.

ఇక రోజంతా మా పిలుపు వరస ఇలా సాగేది. ఉయ్యూరూ, ఆఁ. గూడూరూ, ఆఁ. మొవ్వా, ఆఁ. తర్వాత ఆయన వెనక తలుపు దగ్గరికి వెళ్ళి, "అమ్మా!" అనేవాడు. టంగ్. ఆ తర్వాత నేను "దివి బాబాయ్!" అనేవాణ్ణి. అమ్మ పలికాక నా చేతులు మళ్ళీ పనిలో పడేవి. గొలుసు సరిగ్గా తగిలించేవాణ్ణి. ఎన్ని నెలల తర్వాతో, మళ్ళీ కడుపునిండా ఊపిరి పీల్చుకున్నట్టుండేది.

అమ్మకి ఇదొక ఆటయింది. పిలవకుండానే ఉన్నట్టుండి టంగుమనిపించేది. మేం గుండెలు బాదుకుంటూ పరుగెత్తేవాళ్ళం. వెళ్ళి చూస్తే ఏమీ ఉండేది కాదు, మా మొహాలు చూసి ఆ వంకర నోటితో నవ్వేది. దివి బాబాయ్ నడుం మీద చేతులు పెట్టుకుని, "పిలవకుండా పలక్కూడదమ్మా, ఇదేం పద్ధతి!" అని దెబ్బలాడేవాడు. ఇంకోసారి నేను చారులో ఉప్పు మరిచిపోయానని అలిగి, పిలిచినా పలకలేదు. మళ్ళీ పరుగులు. వెళ్ళేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "తల్లీ, నీకు దణ్ణం పెడతా, ఉప్పు నేను తెచ్చిస్తా, పలుకు" అని గూడూరు బావ బతిమాలాడు. ఎంత సరదాగా ఉండేది! మా గదిలో ఒక మూల పడి ఉన్న మనిషి కాదు అప్పుడు మా అమ్మ, ఫ్యాక్టరీలో మనిషి.

ఒకరోజు మధ్యాహ్నం వరస లేపుతుండగా పైపు కీలు దగ్గర బుస్సుమని చప్పుడైంది. తెల్లటి పొగ. ఉయ్యూరు పెద్దాయన "గ్యాసు!" అని కేకేసి కంప్రెసర్ ఆపడానికి అటు ఉరికాడు. నా మొహానికి ఎదురుగానే కొట్టింది. కళ్ళు మూసుకుపోయాయి. ఎవరో నా చొక్కా పట్టుకుని లాగారు. బయట బోరింగు దగ్గర పడ్డాను. గూడూరు బావ నా మొహం మీద నీళ్ళు కొడుతున్నాడు. కళ్ళు తెరుద్దామంటే మంట. ఆ మంటలోనే దివి బాబాయ్ గొంతు వినపడింది.

"ఉయ్యూరూ!"

"ఆఁ!" దగ్గుతూ.

"గూడూరూ!"

"ఆఁ!"

"మొవ్వా!"

"ఆఁ!"

"అమ్మా!"

గాలి రేవు వైపు నుంచి వీస్తోంది. గ్యాసంతా వెనక వరస ఇళ్ళ మీదికి పోతోంది. ఆ వరసలో జనం అరుచుకుంటూ ఇటు పరుగెత్తుకొస్తున్నారు. అమ్మని ఎవరైనా తీసుకొచ్చారా అని నేను అరుస్తున్నాను. పక్కవాళ్ళు తెచ్చుంటార్లే అని ఒకరు, పిన్ని తెచ్చుంటుంది అని ఇంకొకరు. పిన్ని బజారులో ఉందని వాళ్ళకేం తెలుసు.

"అమ్మా!" మళ్ళీ పిలిచాడు ఆయన.

చప్పుడు లేదు.

"అలిగిందేమో బాబాయ్" అన్నాడు గూడూరు బావ, ఏడుపు గొంతుతో. అలక కాదని వాడికీ తెలుసు.

లేవబోయాను. దివి బాబాయ్ నా భుజం నొక్కి కూర్చోబెట్టాడు. "నీకు కళ్ళు కనపడట్లా. నువ్వొస్తే ఇద్దర్ని మొయ్యాలి. ఇక్కడే కూర్చుని నన్ను పిలుస్తా ఉండు. ఆపమాక" అన్నాడు. గోనెసంచి నీళ్ళలో ముంచిన చప్పుడు, ఆయన పరుగు చప్పుడు వినిపించాయి.

"దివి బాబాయ్!" అన్నాను. "ఆఁ!" మళ్ళీ పిలిచాను. "ఆఁ!" కాస్త దూరం నుంచి. మళ్ళీ. ఇంకా దూరం నుంచి. తర్వాత పిలిస్తే దగ్గు వినపడింది. ఆ తర్వాత ఏమీ వినపడలేదు. గుడ్డివాడిలా ఆ బోరింగు గట్టు పట్టుకుని పిలుస్తూనే ఉన్నాను. ఇద్దరూ పోయారనుకున్నాను. నా కోసమే కదా అనుకున్నాను. దేవుణ్ణి కూడా పిలవలేదు, ఆయన్నే పిలిచాను.

అప్పుడు వినపడింది, టంగ్.

ఎంతసేపటికో ఆయన అమ్మని భుజాన వేసుకొచ్చి నా పక్కన దించాడు. దగ్గుతున్నాడు, మాట రావడం లేదు. నేను తడుముకుంటూ అమ్మ మొహం పట్టుకున్నాను. మొహం మీద తడిగుడ్డ ఉంది.

"గ్లాసులో నీళ్ళు కొంగు మీద పోసుకుని మొహానికి అదుముకుందిరా" అన్నాడు ఆయన, ఆగి ఆగి. "మన కబుర్లు వినేదిగా, గ్యాసొస్తే తడిగుడ్డ అని. ఉన్నదొక్క చెయ్యి. గుడ్డ పట్టుకోవాలా, పానా పట్టుకోవాలా? అందుకని పలకలా. నన్ను చూడగానే గుడ్డ వదిలేసి పానా తీసుకుని కొట్టింది. అది నేను కొట్టలేదు. ఆవిడే కొట్టింది."

ఆవిడ బదులు తను పలికాడని నేను అనుకుంటానేమోనని ఆయన భయం. ఆ దగ్గులో, ఆ మంటలో కూడా అదే పట్టింపు. ఆయన కాళ్ళు పట్టుకోబోతే తన్నాడు.

నా కళ్ళు కొన్నాళ్ళకి బాగయ్యాయి. అమ్మకి ఏమీ కాలేదు. ఆయన గొంతు మాత్రం అప్పుడు బొంగురుపోయింది, మళ్ళీ రాలేదు. ఆ బొంగురు గొంతుతోనే ఓనరు గారితో దెబ్బలాడి, పైపులు మార్పించి, పక్క గోడకి ఇంకో గుమ్మం కొట్టించి, గుమ్మం పక్కన ఎప్పుడూ నీళ్ళ డ్రమ్ము నిండుగా ఉండేలా చూసి, అప్పుడు కంప్రెసర్ ముట్టుకోనిచ్చాడు. మేమంతా ఆయన వెనకే నిలబడ్డాం.

అమ్మ ఆ తర్వాత కొన్నేళ్ళు బతికింది. ఒక తెల్లవారుజామున పిన్ని నీళ్ళు పొయ్యడానికి వచ్చి, నన్ను బయటికి నడవమనలేదు. అమ్మ నిద్రలోనే పోయింది. కర్మకాండ అయ్యాక పనిలోకి వెళ్ళాను. దివి బాబాయ్ మొవ్వా అని పిలిచాడు, పలికాను. వెనక తలుపు దాకా వెళ్ళి, నోరు తెరిచి, ఆగిపోయాడు. నా దగ్గరికి వచ్చి, "ఆకుపచ్చంచు తువ్వాలేదిరా?" అని అడిగాడు. తెచ్చిచ్చాను. తనే తీసుకెళ్ళి అమ్మ మేకుకి తగిలించాడు. "అమ్మ బయటికెళ్ళింది" అన్నాడు. ఫ్యాక్టరీ మూసేసేదాకా అది అలాగే ఉంది.

మూసేశారు చివరికి. రొయ్యలు దెబ్బతిన్నాయన్నారు, కరెంటు ఖర్చు గిట్టడం లేదన్నారు. ఉయ్యూరు పెద్దాయన కొడుకు దగ్గరికి వెళ్ళిపోయి అక్కడే పోయాడు. గూడూరు బావ ఆటో కొనుక్కున్నాడు. దివి బాబాయ్ దివిసీమలో తన ఊరికి వెళ్ళిపోయాడు. నేను గుడివాడ వచ్చాను. ఈ మిల్లులో మోత ఆ కంప్రెసర్ మోతకి ఏమీ తీసిపోదు. కొత్తలో ఆ మోత మీంచి హమాలీలను పిలిచాను, అందరూ ఉన్నారా అని. "ఈయనకేంటి, పిచ్చా?" అని నవ్వుకున్నారు. నవ్వరూ మరి? నేనూ నవ్వాగా ఒకప్పుడు.

ఆ మధ్య గూడూరు బావ ఫోన్ చేసి, "దివి బాబాయ్‌కి మతి సరిగ్గా లేదంటరా" అన్నాడు. మర్నాడే బస్సెక్కాను. మా మొవ్వ మీదుగా వెళ్ళి, పులిగడ్డ దాటి దివిసీమలోకి వచ్చేసరికి ఎండెక్కింది. ఆయన కోడలు ఎదురొచ్చింది. ఎన్నాళ్ళుగానో నిద్రలేని మొహం. నేనెవరో చెప్పాను.

"రండి అన్నయ్య గారూ. పొద్దున బాగానే ఉంటారు. మధ్యాన్నమైతే చాలు, లేచి కూర్చుని ఊళ్ళ పేర్లు పెట్టి అరుస్తారు. పోనీలే పాపమని నేను ఆఁ అన్నాననుకోండి, నువ్వెందుకు పలికావని కొట్టొస్తారు. పలక్కపోతే లోపలికెళ్ళాలంటారు. ఏ లోపలికో! రెండుసార్లు మంచం మీంచి పడ్డారు. మా ఆయన పొలంలో ఉంటాడు. నేనొక్కదాన్ని ఆపలేకపోతున్నా" అంది. అంటూ అంటూనే ఏడ్చింది.

ఆయన నన్ను చూశాడు, గుర్తుపట్టలేదు. పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నమైంది. లేచి కూర్చున్నాడు. చెయ్యెత్తాడు.

"ఉయ్యూరూ!" అదే బొంగురు గొంతు.

మళ్ళీ పిలిచాడు. కాలు కింద పెట్టబోయాడు. "లోపలున్నాడు, వదలండి" అంటూ కోడలి చెయ్యి విదిలించుకున్నాడు. ఆఁ అనడానికి నా నోటిదాకా వచ్చింది. అనలేదు. ఆయన నేర్పిందే కదా. దండెం మీంచి ఒక తువ్వాలు లాగి, ఆయనకి కనపడేలా గుమ్మం పక్కన మేకుకి తగిలించాను.

"ఉయ్యూరు బయటున్నాడు, బాబాయ్."

ఆయన ఆ తువ్వాలు వంక చూశాడు. కాలు మళ్ళీ మంచం మీదికి తీసుకున్నాడు.

"గూడూరూ!"

ఇంకో తువ్వాలు తగిలించాను. కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"మొవ్వా!"

"ఆఁ!" అన్నాను. ఎన్నేళ్ళయిందో. ఆయన తల నా వైపు తిరిగింది.

"అమ్మా!"

చెవి ఒగ్గి కూర్చున్నాడు. నేనూ ఒగ్గాను. సిగ్గులేకుండా, వినపడుతుందేమోనని నిజంగానే విన్నాను. ఆ మంచం పక్కన కూర్చుని మా అమ్మ కావాలని చిన్నపిల్లాడిలా అనిపించింది. దండెం మీద ఇంక తువ్వాళ్ళు లేవు. నా భుజం మీదున్నది తీసి తగిలించాను.

"అమ్మ బయటికెళ్ళింది, బాబాయ్."

తల ఊపాడు. అయినా పడుకోలేదు. నా మొహం వంకే చూస్తూ కూర్చున్నాడు. "ఇంకేం కావాలి మావయ్య గారూ?" అని కోడలు అడుగుతోంది. నాకు అప్పుడు వెలిగింది. ఇన్నాళ్ళూ ఈయన అందర్నీ పిలుస్తున్నాడు. ఈయన్ని ఎవరూ పిలవలేదు.

కంప్రెసర్ మోత మీంచి అరిచినట్టే అరిచాను. "దివి బాబాయ్!"

"ఆఁ!" అన్నాడు.

అని, తనంతట తనే వెనక్కి వాలి, అటు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి గురక. కోడలు గుమ్మంలో చతికిలబడింది. ఆ వరస నాతో మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని నేర్చుకుంది. అప్పుడు లేచి వెళ్ళి అన్నం పెట్టుకుని తింది.

బయల్దేరుతుంటే అడిగింది. "రేపు మొవ్వా అంటే ఎవరు పలకాలి, అన్నయ్య గారూ?"

లోపల్నుంచి ఉతికిన తువ్వాలొకటి తెచ్చి నా చేతికిచ్చింది. గుమ్మం పక్కన ఇంకో మేకుకి నా గుర్తుగా నేనే తగిలించి వచ్చాను. ఆమె రోజూ పిలుపు వరస జరిపిస్తోందట, ఆయన మళ్ళీ మంచం మీంచి పడలేదట. నా కోసం ఎవరూ కంగారు పడనక్కర్లేదు. నేను బయటున్నాను.

అమ్మ పానా నా దగ్గరే ఉంది. మధ్యాహ్నం మిల్లు గేటు దగ్గర ఎవరూ లేనప్పుడు దాంతో గేటు చువ్వ మీద ఒక్కటి కొడతాను. పిలవకుండా పలక్కూడదని నాకు తెలియక కాదు. అమ్మ ఎందుకలా కొట్టేదో ఇన్నాళ్ళకి తెలిసొచ్చింది. అప్పుడది ఆట అనుకుని నవ్వాం మేం.

మొన్న అలాగే కొడితే, లారీ కింద పడుకున్న డ్రైవరు తల బయటపెట్టి, "ఎవర్ని పిలుస్తున్నావు బాబాయ్?" అన్నాడు.

"పిలవట్లేదయ్యా" అన్నాను. "పలుకుతున్నా."